పటంలో లేని నీటి దారి: హెచ్‌ఎండీఏ కమిషనర్‌కు బహిరంగ లేఖ

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మహానగర కమిషనర్ గారికి,

విషయం: ఉప్పల్ నుంచి అన్నోజిగూడ వరకు వరంగల్ రహదారి వెంట లేఅవుట్లకు అనుమతి ఇచ్చే ముందే వరద నీరు పారే, నిలిచే నేలను గుర్తించి హద్దు రాళ్లు నాటించవలసిన అవసరం గురించి.

ఏ రోజు ఎంత వాన కురవాలో నిర్ణయించే అధికారం ఏ కార్యాలయానికీ లేదు గానీ, కురిసిన వాన ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎవరి గడప దాటి లోపలికి రావాలి అన్నది మాత్రం చాలావరకు లేఅవుట్ పటాల మీదనే తేలిపోతుంది. వాగు గానీ నది గానీ పొంగినప్పుడు గట్టు దాటి పరుచుకొని, ఉధృతి తగ్గాక తిరిగి ఖాళీ చేసే నేలను వరద మైదానం అంటారు. గోదావరి, కృష్ణా తీరాల్లో ఈ మైదానం మైళ్ల కొద్దీ విస్తరించి ఉంటుంది కాబట్టి అందరి కంటికీ ఆనుతుంది. హైదరాబాద్ తూర్పు అంచు వంటి దక్కన్ పీఠభూమి నేలల్లో అది చెరువు నిండితే మునిగే శిఖంగా, చెరువు మిగులు నీరు దుంకే మత్తడి కింది వాగుగా, రెండు చెలకల మధ్య వానాకాలంలో మాత్రమే పారే ఒర్రెగా చిన్నచిన్న ముక్కలై ఉంటుంది కాబట్టి, ఎండాకాలంలో చూసినవారికి అది ఖాళీ భూమిగానే కనబడుతుంది. అలా ఖాళీగా కనబడటమే ఆ నేలకు వచ్చిన ముప్పు. ఈ లేఖ ఉద్దేశం ఒక్కటే: ఉప్పల్, నాచారం, రామంతాపూర్ ప్రాంతాల్లో జరిగిపోయిన పొరపాటు, ఇంకా కొంత నేల మిగిలి ఉన్న అన్నోజిగూడ, పోచారం, ఘట్‌కేసర్ వైపు అదే తీరుగా జరగకముందే ఆపే అవకాశం ఈ సంస్థ చేతిలో ఉందని గుర్తు చేయడం.

2020 అక్టోబర్ 13, 14 తేదీల నాటి వానను చాలామంది పాతబస్తీ వరదగా, మూసీ వరదగా గుర్తుంచుకున్నారు. నిజానికి ఆ వానకు కారణమైన వాయుగుండం అత్యధిక వాన కురిపించింది నగరం తూర్పు కొసన, అన్నోజిగూడ ఉన్న ఘట్‌కేసర్ మండలంలో. అక్కడి సింగపూర్ టౌన్‌షిప్ వర్షమాపక కేంద్రంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. బేగంపేటలో నమోదైన 19 సెంటీమీటర్లే నగరానికి అక్టోబర్ నెలలో అంతకు ముందెన్నడూ లేని రికార్డు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి సగటున కురిసే వాన సుమారు 80 సెంటీమీటర్లు కాబట్టి, ఆ ఒక్క రోజున ఘట్‌కేసర్ ప్రాంతంలో ఏడాది వానలో అయిదింట రెండు వంతులు కురిసిందన్నమాట. సెంటీమీటర్లలో చెప్పినప్పుడు ఈ లెక్క మనసుకు ఎక్కకపోవచ్చు. ఈ ప్రాంతంలో మధ్యతరగతి కుటుంబం సాధారణంగా కొనే 200 గజాల ప్లాటు మీద 32 సెంటీమీటర్ల వాన పడితే, అది 53 వేల లీటర్లకు పైబడిన నీరు, అంటే ఎండాకాలంలో జలమండలి పంపే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదికి మించి ఒకే ఇంటి ముందు ఒకే రోజు కుమ్మరించినంత. ఎకరానికి లెక్కిస్తే దాదాపు 13 లక్షల లీటర్లు. ఇంత నీటిలో కొంత నేలలోకి ఇంకాలి, కొంత చెరువులో నిలవాలి, మిగిలింది వాగు పట్టి మూసీలో కలవాలి; ఈ మూడు దారుల్లో ఏ ఒక్కటి మూసుకుపోయినా ఆ వంతు నీరు ఇళ్ల వైపు తిరగక తప్పదు.

ఈ మూడు దారులనూ కలిపి ఒకే అమరికగా నిలిపిన ఘనత గొలుసుకట్టు చెరువులది. ఎగువ చెరువు నిండిన తర్వాత దాని మిగులు నీరు దిగువ చెరువుకు, అక్కడి నుంచి ఇంకా దిగువకు చేరేలా వాలు చూసి కట్టిన వరుసను గొలుసుకట్టు అంటారు. చెరువు కట్టకు ఒక పక్కన, కట్ట కన్నా తక్కువ ఎత్తులో రాతితో కట్టిన మిగులు దారిని ఆంధ్ర ప్రాంతంలో అలుగు అనీ, తెలంగాణలో మత్తడి అనీ అంటారు. చెరువు నిండితే నీరు కట్టను తెంచకుండా మత్తడి దుంకి కిందికి పోతుంది. మత్తడి కట్టిన తీరును దగ్గరగా పరిశీలిస్తే ఆనాటి పనివారి ఆలోచన తెలుస్తుంది: ఎంత ఎత్తు వరకు నీరు నిలవాలో అంత ఎత్తున రాళ్లు సమానంగా పేర్చి, నీరు పడే చోట నేల కోసుకుపోకుండా పెద్ద బండలు పరిచి, అక్కడి నుంచి దిగువ చెరువు దాకా వాగుకు రెండు వైపులా నేలను విడిచిపెట్టారు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసుకోవడానికి నీరటి అనే గ్రామసేవకుడు ఉండేవాడు. వాన పట్టిన రాత్రి గొంగడి కప్పుకొని కట్ట మీద తిరుగుతూ ఎక్కడ ఊట పుట్టిందో, ఎక్కడ మట్టి జారిందో చూడటం అతని బాధ్యత. నేటి పరిభాషలో చెప్పాలంటే అది వరద ముందస్తు హెచ్చరిక వ్యవస్థ, దానికి జీతం ఆయకట్టు పంటలోంచి వచ్చేది.

ఆయకట్టు, అంటే చెరువు కింద పారే సాగుభూమి, ఇళ్ల స్థలాలుగా మారిన రోజున ఈ అమరిక వెన్ను విరిగింది. ఉప్పల్, నాచారం ప్రాంతాల చరిత్ర స్థూలంగా ఇదే. పారిశ్రామికవాడలు వచ్చాయి, వాటి వెంట కార్మికుల కాలనీలు, కాలనీల వెంట అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పొలం లేని చోట తూముతో పని లేదు, తూముతో పని లేని చోట నీరటితో పని లేదు, చివరికి చెరువుతోనే పని లేదన్న భావన స్థిరపడింది. చెరువు సాగునీరు ఇవ్వడం మానేసినా వరదను ఆపే పని మానలేదన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్ద చెరువు, చిన్న చెరువు, నాచారం పెద్ద చెరువు పేర్లకు చెరువులుగా మిగిలాయి గానీ, వాటిని ఒకదానితో ఒకటి కలిపిన వాగులు సన్నని నాలాలయ్యాయి, కొన్నిచోట్ల నాలాలు సిమెంటు పలకల కింద పైపులయ్యాయి.

ఇక్కడ శిఖం భూమి గురించి కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే కబ్జా అన్న ఒక్క మాటతో ఈ సమస్య అర్థం కాదు. చెరువు నిండినప్పుడు నీట మునిగే నేలను శిఖం అంటారు. అందులో సర్కారు శిఖం ఉన్నట్టే, పట్టాదారులకు చెందిన శిఖం కూడా చాలా చెరువుల్లో ఉంది. నీరు వెనక్కు తగ్గిన నెలల్లో ఆ పట్టాదారు అక్కడ పంట వేసుకోవచ్చు, నీరు వచ్చినప్పుడు దానికి దారి ఇవ్వాలి. హక్కు అతనిదే అయినా ఆ హక్కు రుతువుతో ముడిపడినది. ఇళ్ల స్థలాల వ్యాపారం వచ్చాక ఈ రుతువు షరతు కాగితాల మీద నుంచి జారిపోయి, పట్టా ఒక్కటే మిగిలింది. వెంచర్ వేసినవారు వేసవిలో ఆ నేలను చదును చేసి, తెల్ల రంగు వేసిన హద్దు రాళ్లు పాతి, గజాల లెక్కన అమ్మారు. కొన్నవారిలో అధికులు జీవితకాలపు పొదుపును పెట్టినవారే. వారి చేతిలో రిజిస్టరైన దస్తావేజు ఉంది, కొన్నిచోట్ల బ్యాంకు రుణమూ ఉంది. మొదటి అమ్మకందారు లాభం తీసుకొని వెళ్లిపోతే, చివరి కొనుగోలుదారు నీళ్లలో నిలబడ్డాడు. అందువల్ల చెరువులో ఇల్లు కట్టుకున్నవారిని దోషులుగా చూపి సరిపెట్టుకోవడం న్యాయమూ కాదు, పరిష్కారమూ కాదు. ఆ నేలను ఇంటి స్థలంగా గుర్తించిన కాగితం ఏ దశలో పుట్టిందో ఆ దశలోనే దానిని ఆపాలి.

వరద నేలలో కట్టడం నష్టాన్ని ఎలా పెంచుతుందన్నది ఊహించుకోవలసిన విషయం కాదు, లెక్కకు అందేదే. మొదటిది ఇంకుడు. మట్టి నేల మీద పడ్డ వానలో ఎక్కువ భాగం మొదట ఇంకుతుంది. సిమెంటు, తారు, గచ్చు కప్పిన నేల మీద పడ్డది దాదాపు అంతా వెంటనే పారుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో వెలువరించిన పట్టణ వరదల మార్గదర్శకాల ప్రకారం, పట్టణీకరణ వల్ల వరద గరిష్ఠ ప్రవాహం 1.8 నుంచి 8 రెట్ల దాకా, నీటి పరిమాణం 6 రెట్ల దాకా పెరగవచ్చు. గరిష్ఠ ప్రవాహం అంటే వరద అత్యంత ఉధృతంగా ఉన్న క్షణంలో సెకనుకు పారే నీటి పరిమాణం. నాలా గట్టు దాటుతుందా లేదా అన్నది తేల్చేది మొత్తం వాన కన్నా ఈ క్షణమే. దేశంలో పాత వాననీటి కాలువలను గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానను తట్టుకునేలా రూపొందించారని అదే పత్రం చెబుతుంది. అంతకన్నా జోరుగా కురిసే వాన హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రతి ఏడాదీ చూస్తున్నదే.

రెండోది నిలువ. శిఖంలో ఒక ఎకరాన్ని ఒక మీటరు ఎత్తు మట్టి పోసి లేపితే, అక్కడ ఆగవలసిన 40 లక్షల లీటర్ల నీటికి చోటు పోయినట్టే. ఆ నీరు మాయం కాదు, పక్కవాడి ప్లాటులోకి పోతుంది. పక్కవాడు కూడా మట్టి పోస్తాడు. ఈ పోటీ కాలనీల్లో ఇంటింటికీ కనబడుతుంది: పాతికేళ్ల కిందట రోడ్డు కన్నా మూడు మెట్లు ఎత్తులో కట్టిన ఇల్లు, పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ పొరలు పరుస్తూ పోవడం వల్ల నేడు రోడ్డు కన్నా రెండు మెట్లు కిందికి దిగిపోయి ఉంటుంది, గేటు ముందు జానెడు ఎత్తు ఇటుక గోడ కట్టి, దాని మీద నుంచి కాళ్లెత్తి దాటుతూ ఇంట్లోకి వెళ్లే వృద్ధులు ఆ కాలనీల్లో కనబడతారు. ఆ గోడ ఏ ఇంజనీరూ గీయని వరద రక్షణ పథకం, దాని ఖర్చు ఆ కుటుంబానిదే.

మూడోది అడ్డం. ప్రహరీగోడ, కల్వర్టు, ఎత్తు చేసిన రహదారి, ఇవన్నీ నీటికి అడ్డంగా నిలిచే చిన్న ఆనకట్టలే. అలా ఆగి ఆగి తెగిన నీరు, మామూలుగా పారే నీటి కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం. 2020 అక్టోబర్‌లో పల్లెచెరువు కట్ట తెగి అలీనగర్ వైపు దూసుకొచ్చిన నీరు మనుషులను ఇళ్ల ముందు నుంచే లాక్కుపోయింది. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు జాతీయ రహదారినే కోసేసింది. ఆ గాయం మానకముందే కొద్ది రోజులకు బాలాపూర్ వద్ద గుర్రం చెరువు తెగింది. మిగులు నీరు పోయే దారి ఇరుకైన చోట కట్ట మీద పడే ఒత్తిడి ఎంతటిదో ఈ పేర్లు చెబుతాయి. వీటన్నింటికీ తోడు, నీటి దారిలో పెట్టే ఆస్తి విలువ కూడా పెరిగింది. ఒకప్పుడు మత్తడి కింద మునిగేది ఒక వరి మడి. నేడు అదే చోట సెల్లార్ ఉంది, సెల్లార్‌లో కార్లు, లిఫ్టు మోటారు, జనరేటర్, కరెంటు మీటర్ల గది, కాపలాదారు కుటుంబం ఉండే చిన్న గది ఉన్నాయి. భవనంలో అత్యంత పేదవారు ఉండే చోటే నీరు మొదట చేరే చోటు కావడం ఎంతమాత్రం సహించరాని విషయం.

ఇప్పుడున్న నిబంధనలు ఈ నేలను కాపాడవా అన్న ప్రశ్న సహజం. 2012 ఏప్రిల్‌లో వెలువడిన జీవో 168 భవన నియమావళి ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగులు, నాలాల నుంచి 9 మీటర్లు, సన్నని వాటి నుంచి 2 మీటర్లు విడిచిపెట్టాలి. ఈ విడిచిపెట్టే నేలే బఫర్ జోన్. నియమం ఉండటం మంచిదే, కానీ దాని కొలతలోనే రెండు లోపాలున్నాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు మత్తడి అంచు దాకా నిండినప్పుడు నీరు ఆనే గీత. మత్తడి దుంకుతున్నప్పుడు నీరు ఆ అంచు మీద ఇంకా కొంత ఎత్తున నిలబడి పారుతుంది, దానిని ఇంజనీర్లు గరిష్ఠ నీటిమట్టం అంటారు. వరద రాత్రి చెరువు ఎఫ్‌టీఎల్ దగ్గర ఆగదు, గరిష్ఠ మట్టం దాకా వస్తుంది. పైగా మత్తడిని ఎవరైనా ఒక అడుగు కోసి తగ్గిస్తే ఎఫ్‌టీఎల్ గీత దానంతటదే లోపలికి జరుగుతుంది, చట్టం కళ్ల ముందే చెరువు చిన్నదవుతుంది. రెండో లోపం, బఫర్‌ను దూరంలో కొలవడం. నీరు ఎక్కేది ఎత్తును బట్టి. 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన నేలలో 30 మీటర్ల బఫర్ దాటితే పెరిగే ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా తక్కువ. బఫర్ విడిచి, అన్ని అనుమతులూ తీసుకొని కట్టిన ఇల్లు కూడా మునగడానికి జానెడు నీరు చాలు.

ఈ గీత కూడా ఇంకా అన్ని చెరువులకూ పడలేదు. ఈ గీతలు గీయించవలసిన చెరువుల పరిరక్షణ కమిటీ 2010లో ఏర్పడింది. అయినా రామంతాపూర్ పెద్ద చెరువు విషయమై ఏళ్ల తరబడి సాగిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, మహానగర పరిధిలోని మూడు వేలకు పైగా చెరువులకు ఎఫ్‌టీఎల్ తుది నిర్ధారణ పూర్తి చేయాలని రాష్ట్ర హైకోర్టు 2024లో హెచ్‌ఎండీఏనే ఆదేశించవలసి వచ్చింది. ఉప్పల్ మండలంలోని ఒక చెరువు కోసం మొదలైన వ్యాజ్యం మహానగరం మొత్తానికి మేలు చేసే ఆదేశానికి దారితీయడం ఈ ప్రాంతవాసులు గర్వించదగ్గ విషయం. ఆ ఆదేశం ఆత్మను పూర్తిగా నిలబెట్టాలంటే ఎఫ్‌టీఎల్‌తో పాటు గరిష్ఠ నీటిమట్టాన్నీ, చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న వాగునూ అదే పటంలో గీయాలి. గొలుసులో పూసలను లెక్కపెట్టి దారాన్ని వదిలేస్తే అది గొలుసు కాదు.

నగరానికి వరద పాఠం 1908 సెప్టెంబర్ 28న వేల ప్రాణాల మూల్యంతో వచ్చింది. ఆ వరదను అధ్యయనం చేయడానికి 1909లో ఆహ్వానం అందుకొని వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, పరీవాహక ప్రాంతంలో రెండు వందలకు పైగా చెరువులు తెగిపోవడం ఆ విధ్వంసంలో పెద్ద పాత్ర వహించిందని గుర్తించి, మూసీ, ఈసీ నదుల మీద నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నగరాన్ని కాపాడాయన్నది నిజం. అవి ఉన్నాయన్న ధీమాతో నది ఒడ్డునే కాక నది మధ్యలోనూ కట్టడాలు లేచాయన్నదీ అంతే నిజం. నదిలోని దీవి మీద కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ 2025 సెప్టెంబర్ చివరలో జలాశయాల గేట్లు ఎత్తిన రాత్రి నీట మునిగి, ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. రక్షణ కట్టడం ఇచ్చే ధైర్యమే ప్రమాదస్థలానికి మరింత మందిని రప్పిస్తుందని అమెరికా భౌగోళిక శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలోనే వాదించారు. ఆ దేశంలో కరకట్టల మీద ఖర్చు పెరిగిన కొద్దీ వరద నష్టమూ పెరుగుతూ పోవడం ఆయన దృష్టికి వచ్చిన విషయం.

తూర్పు ప్రాంతానికి సంబంధించి ఇందులో ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతోంది. జంట జలాశయాలు రెండూ నగరానికి పడమటి దిక్కున ఉన్నాయి. నాచారంలో, బోడుప్పల్‌లో, నారపల్లిలో, అన్నోజిగూడలో కురిసే వాన వాటిని తాకనే తాకదు. అది వాటికి దిగువన పుట్టి, నాగోల్ దాటి తూర్పుకు సాగే మూసీలో నేరుగా కలిసే నీరు. అంటే విశ్వేశ్వరయ్య సూచనతో వచ్చిన రక్షణ ఈ ప్రాంతానికి లేదు. ఇక్కడ ఉస్మాన్‌సాగర్ చేయవలసిన పనిని ఊరూరి చెరువు, కుంట, శిఖం కలిసి చేయాలి. అవి పోతే వాటి బదులు పని చేసేది మరొకటి లేదు.

2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగిన తర్వాత కిర్లోస్కర్ కమిటీ నాలాలను వెడల్పు చేయాలని చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2020 వరద మీదట, వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. నాలా వెడల్పు అవసరమే, కానీ ఎగువన నిలువ పోగొట్టుకొని నాలాను మాత్రం వెడల్పు చేస్తే ఒక కాలనీ నీరు తర్వాతి కాలనీకి మరింత వేగంగా చేరుతుంది తప్ప తగ్గదు. అదే 2020లో మరొక దృశ్యం కూడా మరవరానిది. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ఆగస్టు 31న జీవో 131 వెలువడింది. దరఖాస్తులకు మొదట పెట్టిన గడువు అక్టోబర్ 15. దరఖాస్తు రుసుము కట్టడానికి జనం ఆత్రపడుతున్న ఆ చివరి రోజుల్లోనే, అక్టోబర్ 13 రాత్రి, నీరు వచ్చింది. రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు చేరిన ఆ పథకంలో నీటి వనరుల స్థలాలను క్రమబద్ధీకరించరాదన్న నిబంధన ఉంది. అయితే పటంలో గీతే పడని ఒర్రె నీటి వనరుగా ఎవరికి కనబడుతుంది?

ఇళ్ల కొరత ఉన్న నగరంలో ఇంత నేలను ఖాళీగా విడిచిపెట్టడం సాధ్యమా అన్న వాదనకు బలం ఉంది. ఉద్యోగం కోసం పోచారం ఐటీ కేంద్రాలకో, నాచారం పరిశ్రమలకో వచ్చినవారికి అందుబాటు ధరలో ఇల్లు కావాలి, నగరం లోపల అది దొరకదు. కానీ ఏడాదికోసారి మునిగే ఇల్లు చవకైన ఇల్లు కాదు. దాని అసలు ధరను వాయిదాల్లో, పాడైన ఫ్రిజ్‌గా, తడిసిన సర్టిఫికెట్లుగా, వారం రోజుల కూలి నష్టంగా ఆ కుటుంబమే కడుతుంది. 2020లో ప్రభుత్వం వరద బాధిత కుటుంబాలకు 10 వేల రూపాయలు సాయంగా ప్రకటించినప్పుడు, ఆ మొత్తం కోసం మీసేవా కేంద్రాల ముందు కట్టిన బారులు ఆ కుటుంబాల పరిస్థితి ఎలా ఉందో చూపాయి. శిఖంలో పట్టా ఉన్న రైతు నష్టపోకూడదన్న మాట కూడా న్యాయమైనదే. అతనికి ఆ నేలలో కట్టే హక్కుకు బదులు మరోచోట కట్టుకునే లేదా అమ్ముకునే హక్కును ఇచ్చే విధానం, అంటే అభివృద్ధి హక్కుల బదిలీ, ఇప్పటికే రాష్ట్రంలో అమలులో ఉంది. వెంచర్ పడకముందు ఇలా ఒక్క రైతుతో ఒప్పందం చేసుకోవడం, వెంచర్ పడ్డ తర్వాత రెండు వందల కుటుంబాలను కదిలించడం కన్నా ఎన్నో రెట్లు సులభం, చవక, మానవీయం. విపత్తు స్పందనకు, చెరువులు సహా ప్రభుత్వ ఆస్తుల రక్షణకు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా తొలి విడతగా ఉప్పల్ నల్లచెరువు వంటి చెరువుల పునరుద్ధరణ చేపట్టడం స్వాగతించదగ్గది. అయితే ఆక్రమణల పేరిట హైడ్రా చేసే కూల్చివేత అన్నది ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే పరిష్కారమే, దానిలో కన్నీరు తప్పదు.

నీటికి నేలను తిరిగి ఇవ్వడం సంపన్న దేశాలకే చెల్లుతుందని అనుకోనక్కరలేదు గానీ, వాటి అనుభవం ఒక హెచ్చరిక. 1995లో రైన్ నది పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించవలసి వచ్చిన తర్వాత నెదర్లాండ్స్ కరకట్టలను ఇంకా ఎత్తు చేయడంతోనే సరిపెట్టుకోక, నదికి చోటు ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. నైమేఖన్ పట్టణం దగ్గర కరకట్టను 350 మీటర్లు లోపలికి జరిపి, నదికి పక్క పాయ తవ్వడానికి సుమారు 50 ఇళ్లను తీసేశారు. కట్టిన తర్వాత వెనక్కు జరగడం ఎంత ఖరీదైనదో ఆ ఉదాహరణ చూపుతుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో ఉండిపోయినప్పుడు నీటి దారిలో కట్టడం ఎంత ఖరీదైనదో తెలుగువారికి మరింత దగ్గరగా తెలిసింది.

వరద మైదానాలను జోన్లుగా విభజించి, ఎక్కడ ఏమి కట్టవచ్చో నిర్ణయించే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి కొద్ది రాష్ట్రాలే దానిని చట్టంగా చేశాయి. తెలంగాణ చట్టం చేసేదాకా ఆగకుండా, హెచ్‌ఎండీఏ తన అనుమతి అధికారంతోనే ఉప్పల్–ఘట్‌కేసర్ నడవాలో ఆ పని మొదలుపెట్టవచ్చు. పటాలు గీసే విద్య కోసం దూరం పోనక్కరలేదు: సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం ఉప్పల్‌లోనే ఉంది, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డు మీదనే ఉంది. గ్రామ పటాల్లో వాగులు, కుంటలు, మత్తళ్లు గుర్తులతో సహా ఉన్నాయి. 2020 అక్టోబర్ 14 ఉదయం నీరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలిగినవారు ప్రతి కాలనీలోనూ ఇంకా ఉన్నారు, కొన్ని గోడల మీద ఆ మరక కూడా ఇంకా ఉంది. ఈ మూడింటినీ, శాస్త్రీయ ఎత్తుల సర్వేను, పాత గ్రామ పటాన్ని, జనం జ్ఞాపకాన్ని, ఒకే పటం మీద పరిస్తే వరద గీత దానంతటదే బయటపడుతుంది.

అన్నోజిగూడతో ఈ పని ప్రారంభించమని హెచ్‌ఎండీఏకు మనవి. ఇక్కడ వరంగల్ రహదారికి దక్షిణాన నేల మూసీ వైపు వాలుతుంది, వాన నీరు ఆ వాలు వెంట దిగాలి. ఇళ్లు, విల్లాలు, కళాశాలలు వేగంగా వస్తున్నా ఇంకా కొన్ని ఒర్రెలు ఒర్రెలుగానే ఉన్నాయి. రాబోయే వానాకాలానికి ముందు, సంస్థ ఇంజనీర్లు, రెవెన్యూ సర్వేయర్లు, ఊళ్లో పెద్దవయసు రైతులు, నీరటి కుటుంబాల వారు కలిసి ప్రతి మత్తడి దగ్గర మొదలై, నీరు దిగే దారి వెంట నడిచి, తర్వాతి చెరువు దాకా రెండు వైపులా రాళ్లు నాటాలి. ఆ రాళ్ల లోపల పడే సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ కార్యాలయానికి పంపి, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ తీసుకున్న ఎవరికైనా ఆ విషయం కొనకముందే కనబడేలా చేయాలి. గీత పక్కనే ఉన్న స్థలాల్లో సెల్లార్‌కు అనుమతి ఇవ్వకుండా, కింది అంతస్తును స్తంభాల మీద ఖాళీగా విడిచి, మీటర్ల గదిని పై అంతస్తుకు జరిపించాలి. రోడ్డు వేసేటప్పుడు పాత పొరను తవ్వి తీశాకే కొత్తది వేయాలన్న షరతును ప్రతి లేఅవుట్ అనుమతిలోనూ రాయాలి.

చివరిగా, లేఅవుట్ అనుమతి పత్రంలో ప్లాట్ల సంఖ్య, రోడ్ల వెడల్పు, పార్కు విస్తీర్ణం వంటివి నింపే పట్టికలో మరొక్క వరుస చేర్చాలని సంస్థకు విజ్ఞప్తి: ఆ స్థలంలో 2020 అక్టోబర్ 14న నిలిచిన నీటి ఎత్తు, అడుగుల్లో. ఆ గడి నింపనిదే సంతకం పడరాదు.

ఇట్లు,
అన్నోజిగూడ, ఉప్పల్, నాచారం ప్రాంతాల నివాసుల క్షేమం కోరుతూ